టికెట్ లేని చిన్న మ్యూజియంలో జనాన్ని లెక్కపెట్టడానికి ఏం కొనాలి?

నమస్కారం మేడం. మీరు రాసింది రెండుసార్లు చదివాను. చిత్తూరు దగ్గర ట్రస్టు నడిపే చిన్న మ్యూజియం, మూడు గదులు. కాళహస్తి కలంకారీ గుడ్డలు, మాధవమాల కొయ్య బొమ్మలు, పలమనేరు మట్టి పనితనం, పాత సేద్యం సామాన్లు ఉన్నాయి. టికెట్ లేదు. పనిచేసేది మీరు కాక ఇంకొకరు. నెలకు ఎంతమంది వస్తున్నారని ట్రస్టు పెద్దలు అడిగితే చూపించడానికి సంతకాల పుస్తకం తప్ప ఇంకేమీ లేదు. ఇంతలో ఒకాయన వచ్చి ఏఐ కెమెరా పెట్టుకోండి, లక్ష పైన అవుతుంది అన్నాడు. మీ చేతిలో ఉన్నది 15 వేలు. ఏం కొనాలన్నది మీ ప్రశ్న.

ఆ కెమెరా మీకు అక్కర్లేదు. మీ 15 వేలలో సగంతో పని జరుగుతుంది. కానీ దాన్ని నమ్మదగిన లెక్కగా మార్చాలంటే నెలకు నాలుగైదు గంటలు మీరో, మీ సహాయకుడో తలుపు దగ్గర నిలబడి చేత్తో లెక్కపెట్టాలి. ఆ నాలుగైదు గంటలు లేకపోతే లక్ష రూపాయల పరికరం కూడా ఊరికే ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెలో తప్పెంతో ఎవరికీ తెలియదు. పన్నెండేళ్లుగా తిరుపతి చుట్టుపక్కల గుళ్ల దగ్గర, ఎగ్జిబిషన్లలో, లైబ్రరీల్లో, మీలాంటి రెండు మూడు చిన్న మ్యూజియాల్లో ఈ కౌంటర్లు బిగిస్తున్నాను. మొదటి మూడేళ్లు పరికరం గురించే ఆలోచించాను. ఇప్పుడు తలుపు గురించి, తలుపు దాటే మనుషుల గురించి ముందు ఆలోచిస్తున్నాను.

సంతకాల పుస్తకం సంగతి చూద్దాం. దాన్ని లెక్కగా వాడకండి. ఆరుగురి కుటుంబం వస్తే ఒకరు సంతకం పెడతారు. బడి పిల్లలు వస్తే టీచర్ పెడతారు, లేదా నలభై మందీ ఎగబడి పెట్టి మూడు పేజీలు నింపేస్తారు. పుస్తకాన్ని ఊరి పేర్ల కోసం ఉంచుకోండి. ఎక్కడి నుంచి వస్తున్నారో అది బాగా చెబుతుంది. ఎంతమంది అన్నది మాత్రం చెప్పలేదు.

టికెట్ ఉన్నచోట కూడా లెక్క పూర్తిగా ఉంటుందనుకోవద్దు. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం ఉంది కదా, అది కేంద్ర పురావస్తు శాఖది. ఆ శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. కాబట్టి టికెట్ల అమ్మకం ఒక్కటే చూస్తే పిల్లలు అందులో పడరు. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో బడి పిల్లలే ఎక్కువన్నారు కాబట్టి ఈ మాట ముఖ్యం.

పరికరం పేరు ఎత్తే ముందు ఒక విషయం తేల్చుకోండి: మీకు సందర్శకుడంటే ఎవరు? నవ్వకండి, గొడవంతా ఇక్కడే ఉంది. మే నెలలో మన దగ్గర ఎండ 40 దాటుతుంది. రోడ్డు మీద పోయేవాళ్లు మీ వసారాలో నీడకు నిలబడతారు, కుండలో నీళ్లు తాగుతారు, బాత్‌రూమ్ ఎక్కడని అడుగుతారు. వాళ్లను కూడా లెక్కపెడతారా? మంచినీళ్ల ఖర్చుకో, బాత్‌రూమ్‌కో ట్రస్టును డబ్బులు అడగాలంటే వాళ్లూ లెక్కలోకి రావాల్సిందే. కలంకారీ చూడటానికి ఎంతమంది వచ్చారని చెప్పాలంటే మాత్రం రాకూడదు. ముందు గది నుంచి రెండో గదిలోకి వెళ్లే ద్వారం 3 అడుగుల వెడల్పు అని రాశారు. కౌంటర్ వీధి తలుపు దగ్గర వద్దు, ఆ లోపలి ద్వారం దగ్గర పెట్టండి. ఆ గడప దాటినవాళ్లు నిజంగా చూడటానికే వచ్చినవాళ్లు. వీధి తలుపు 4 అడుగులు పైగా ఉంది, ఎండ నేరుగా పడుతుంది, అక్కడ ఇద్దరేసి పక్కపక్కన నడుస్తారు. లోపలి ద్వారం దగ్గర ఈ మూడు ఇబ్బందులూ చాలావరకు తగ్గుతాయి, అదీ పైసా ఖర్చు లేకుండా.

ఇక ఏమేం దొరుకుతాయో చెబుతాను.

అన్నిటికంటే చవకైనది టోకెన్ పుస్తకం. ప్రింటింగ్ ప్రెస్‌లో వరుస నంబర్లతో చీటీలు వేయించండి. పెద్దలకు ఒక రంగు, పిల్లలకు ఇంకో రంగు. లోపలికి వచ్చేటప్పుడు మనిషికొకటి ఇవ్వండి. సాయంత్రం ఆఖరి నంబరులోంచి పొద్దున మొదలైన నంబరు తీసేసి ఒకటి కలపండి, అంతే లెక్క. తిరుపతి చుట్టుపక్కల జనానికి టోకెన్ అలవాటు చేయాల్సిన పని లేదు, అడగకుండానే చెయ్యి చాపుతారు. పిల్లలు చీటీని దాచుకుంటారు కాబట్టి వెనకాల ఒక బొమ్మ గురించి నాలుగు మాటలు వేయిస్తే ఇంకా మంచిది. దీనికి ఉన్న లోటు ఒక్కటే: బల్ల దగ్గర ఎప్పుడూ ఒక మనిషి కూర్చోవాలి. మీరిద్దరే కాబట్టి ఒకరు లోపల బొమ్మల గురించి చెబుతుంటే, ఇంకొకరు భోజనానికి వెళితే, ఆ అరగంట లెక్క పోతుంది. మీకు మూడో మనిషి ఉండి ఉంటే ఈ జవాబు ఇక్కడితో ఆపేసేవాణ్ని.

రెండోది చేతిలో పట్టుకుని నొక్కే టాలీ కౌంటర్. రెండు మూడు వందల్లో వస్తుంది. నొక్కినప్పుడల్లా టక్కుమని ఒక అంకె పెరుగుతుంది. ఏ సెన్సర్ కొన్నా సరే, ఇది మాత్రం తప్పకుండా కొనండి. ఇద్దరికి రెండు. ఎందుకో తర్వాత చెబుతాను.

మూడోది కాలి కింద పరిచే ప్రెషర్ మ్యాట్. తొక్కగానే స్విచ్ పడుతుంది. షాపుల్లో పనిచేయవచ్చు, మన గుమ్మాల దగ్గర పనిచేయదు. ఒకచోట గడపను ఆనుకుని బిగించాను. పొద్దున్నుంచి జనం వస్తూనే ఉన్నారు, అంకె మాత్రం సగానికి సగం తక్కువ. దగ్గర నిలబడి చూస్తే అర్థమైంది. మనవాళ్లు గడప తొక్కరు. గడప దాటడానికి పెద్ద అంగ వేస్తారు, ఆ అంగలో మ్యాట్ కూడా దాటిపోతుంది. కొంతమంది ఆడవాళ్లు వంగి గడపకు దండం పెట్టుకుని వెళుతున్నారు, ఆ చెయ్యి తగిలి ఒకరికి రెండు పడుతున్నాయి. మ్యాట్ తీసేశాను. మీకూ గడప ఉంది కాబట్టి దాని జోలికి పోవద్దు.

నాలుగోది చాలామంది ముందుగా కొనేది: మనిషి కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్. మనిషి వస్తే లైటు వెలిగించేది ఇదే. వంద రూపాయల్లో కూడా దొరుకుతుంది. ఇది మనిషి ఒంటి వేడిని చూస్తుంది. చుట్టూ ఉన్న గోడకూ మనిషికీ వేడిలో తేడా ఉంటేనే దానికి మనిషి కనబడతాడు. ఒంటి పైచర్మం వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం మన గోడలు కూడా దాదాపు అంతే ఉంటాయి. అప్పుడు సెన్సర్ సగం గుడ్డిదైపోతుంది. దీనిలో నాకు ఆందోళన కలిగించేది ఏమిటంటే, ఈ తప్పు చూడటానికి నిజంలాగే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం లెక్క పడిపోతే, ఎండకు జనం రాలేదు కాబోలు అనుకుంటాం. దాన్ని నమ్మి మధ్యాహ్నం మూసేద్దామని తీర్మానం కూడా చేసేస్తాం. అదీగాక పదిమంది ఒకేసారి వచ్చినా ఇది ఒక్క కదలికగానే చూస్తుంది. చవకగా వచ్చే థర్మల్ సెన్సర్లకు కూడా ఈ ఎండ ఇబ్బంది ఉంది. ఇవి వద్దు.

ఐదోది కాంతి కిరణంతో లెక్కపెట్టే బీమ్ సెన్సర్. మీకు నేను చెప్పేది ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

ద్వారానికి ఒక పక్క నుంచి సన్నటి కాంతి కిరణం బయలుదేరుతుంది. మనిషి అడ్డం వస్తే తెగుతుంది, తెగినప్పుడల్లా ఒక లెక్క. వీటిలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో పంపేది ఒక పక్క, అందుకునేది ఇంకో పక్క, రెండు పక్కలా వైరు లాగాలి. రెండో రకంలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, ఎదుటి పక్క చిన్న రిఫ్లెక్టర్ బిళ్ల అంటిస్తే చాలు. పాత కట్టడంలో గోడలు తవ్వాల్సిన పని తగ్గుతుంది కాబట్టి రెండోదే మీకు సరి. ఫ్యాక్టరీల్లో కన్వేయర్ మీద పోయే డబ్బాలను లెక్కపెట్టడానికి వాడేవి ఇవే, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. కొనేటప్పుడు పోలరైజ్డ్ రకం అని అడగండి. మామూలు దానికి మెరిసే వస్తువు ఎదురైతే అదే రిఫ్లెక్టర్ అనుకుని కిరణం తెగలేదంటుంది. జరీ చీరలు, స్టీలు క్యారియర్లు మన దగ్గర ఎక్కువే కదా. పోలరైజ్డ్ రకానికి ఆ పొరపాటు చాలా తక్కువ. ఒక్కోటి పదిహేను వందల నుంచి మూడు వేల దాకా ఉంటుంది.

ఒక్క కిరణం ఉంటే లోపలికి పోయాడా, బయటికి వచ్చాడా తెలియదు. మొత్తాన్ని రెండుతో భాగించాలి. అందుకని రెండు పెట్టండి, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో జానెడు దూరం ఉండేలా. ఏది ముందు తెగిందో చూస్తే వెళ్లే దిక్కు తెలుస్తుంది. లోపలికి పోయినవాళ్లు, బయటికి వచ్చినవాళ్లు విడివిడిగా పడతారు. రోజు చివర ఈ రెండు అంకెలూ దాదాపు సమానం కావాలి. బాగా తేడా ఉంటే ఏదో తప్పుందని మీకు ఆ సాయంత్రమే తెలిసిపోతుంది. ఇది నాకు చాలా ఇష్టమైన లాభం, ఎందుకంటే పరికరం తన తప్పు తానే చెబుతుంది.

ఎత్తు గురించి జాగ్రత్త. మోకాలి ఎత్తులో పెడితే ఒక్కో కాలికి ఒక లెక్క పడుతుంది. తొడల ఎత్తులో పెడితే ఊగే చెయ్యి, చేతిసంచి విడిగా పడతాయి. నేల నుంచి ఒక మీటరు ఎత్తు నాకు బాగా కుదిరింది. పెద్దవాళ్లకు పొట్ట దగ్గర తగులుతుంది, బడికి పోయే పిల్లలకు ఛాతీ దగ్గరో తల దగ్గరో. నాలుగేళ్లలోపు పిల్లలు కిందనుంచి దూరిపోతారు, చంకలో ఉన్న బిడ్డ తల్లితో కలిసి ఒకటే అవుతుంది. వాళ్లను లెక్కలో చేర్చడం లేదని రిజిస్టరు మొదటి పేజీలో రాసి పెట్టండి, చాలు. ఒకసారి తెగాక సుమారు మూడో వంతు సెకను పాటు ఇంకో లెక్క పడకుండా ప్రోగ్రాంలో ఆపాలి. అంతకంటే ఎక్కువ ఆపితే వెనకాలే వచ్చే మనిషి పోతాడు.

ఎండ విషయం నా అనుభవంలోంచి చెబుతాను. పడమటి ముఖం ఉన్న తలుపుకు ఒక కౌంటర్ బిగించి వచ్చాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లెక్క సరిగ్గా ఉంది. నాలుగున్నర తర్వాత అంకె ఆగకుండా పరిగెత్తింది. ఆ రోజు వచ్చిన మొత్తం జనం కంటే ఎక్కువ ఒక్క గంటలో పడింది. వాలిన ఎండ నేరుగా అందుకునే కన్నులో పడుతోంది, పైగా ఎదురుగా వేపచెట్టు కొమ్మలు ఊగుతున్నాయి. నీడ, ఎండ, నీడ, ఎండ, ప్రతిదీ ఒక మనిషి. రెండు వారాల లెక్క పారేయాల్సి వచ్చింది, ఆ సంస్థ వాళ్లకు నేనే వెళ్లి విషయం చెప్పాను. అప్పటి నుంచి ఏ తలుపునైనా సాయంత్రం వేళ ఒకసారి చూడకుండా ఏమీ బిగించను. మీరు కూడా లోపలి ద్వారం మీద ఎండ ఎప్పుడు ఎటు నుంచి పడుతుందో చూడండి. డబ్బా ముందు రెండు అంగుళాల నల్లటి పైపు ముక్క తొడిగితే చాలావరకు ఆగిపోతుంది.

ఇంకో శత్రువు సాలెపురుగు. కిరణం దారిలో గూడు కడుతుంది. గాలికి ఆ దారం ఊగితే లెక్క పడుతుంది. బల్లులు కూడా వెచ్చగా ఉంటుందని డబ్బా మీదికి చేరతాయి. సోమవారం పొద్దున పొడి గుడ్డతో కన్నును, రిఫ్లెక్టర్‌ను తుడవాలని మీ సహాయకుడికి చెప్పండి. అరనిమిషం పని.

ఈ రెండు సెన్సర్లను ఈఎస్‌పీ32 అనే, ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలుపుతారు. అది అయిదు వందల దగ్గర వస్తుంది. సెన్సర్లు 12 వోల్టులతో నడుస్తాయి, బోర్డు మాత్రం 3.3 వోల్టులది. నేరుగా కలిపితే బోర్డు కాలిపోతుంది, మధ్యలో ఆప్టోకప్లర్ వేయించండి, అంటే రెండు వైపుల కరెంటును కలవనీయకుండా సిగ్నల్‌ను మాత్రం దాటించే చిన్న భాగం. బ్యాటరీతో నడిచే గడియారం చిప్ ఒకటి పెట్టమనండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైమ్ తప్పుతుంది. గంటకొక మొత్తం లోపలే దాచుకునేలా ప్రోగ్రాం రాయించండి. ఇంటర్నెట్ అక్కర్లేదు. చిన్న డిస్‌ప్లే మీద ఈ రోజు అంకె కనబడితే చాలు, సాయంత్రం మీరు రిజిస్టరులో రాసుకుంటారు. కరెంటు కోతల కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టండి. సెన్సర్లు, బోర్డు, గడియారం, డబ్బా, బ్యాటరీ అన్నీ కలిపి ఏడెనిమిది వేలలో తేలాలి. తిరుపతిలో, చిత్తూరులో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీలకు కొదవ లేదు. చివరి సంవత్సరం పిల్లలకు ఇది చక్కటి ప్రాజెక్టు. కానీ వాళ్లు చదువు అయిపోయి వెళ్లిపోతారు కాబట్టి వైర్ల బొమ్మ, ప్రోగ్రాం రెండూ కాగితం మీద, పెన్‌డ్రైవ్‌లో తీసుకుని మీ బీరువాలో పెట్టుకోండి. ఈ ఒక్క జాగ్రత్త లేకపోవడం వల్లే మంచి పరికరాలు ఏడాదికే మూలన పడటం చూశాను.

డబ్బా గోడకు లోపలి పక్కనే ఉండాలి, నీళ్లు దిగని రకం కావాలి. 2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వానలు మనమెవరం మరచిపోలేదు. ఆ వారంలో నేను మామూలు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టిన బోర్డులు మూడు పోయాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే, గోడ చెమ్మ ఆ తర్వాత కూడా నెల రోజులుంటుంది.

ఆరోది టైమ్ ఆఫ్ ఫ్లైట్ సెన్సర్. గుమ్మం పైదూలం కింద బిగిస్తే, కిందికి లేజర్ కాంతి పంపి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. మనిషి కిందనుంచి పోతే దూరం తగ్గుతుంది. వీఎల్53ఎల్1ఎక్స్ అనే చిప్ ఇందులో బాగా వాడుకలో ఉంది, 4 మీటర్ల దాకా చూస్తుంది, ఒక్క చిప్‌తోనే దిక్కు కూడా పట్టవచ్చు. ముఖం కనబడదు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. నాకూ ఇది నచ్చుతుంది. కానీ దాని చూపు 27 డిగ్రీలే. మీ గుమ్మం ఎత్తు 7 అడుగులు అనుకుందాం. 5 అడుగుల మనిషి తల దగ్గర అది చూసే వెడల్పు అడుగు కూడా ఉండదు. మధ్యలో నడిచేవాళ్లు పడతారు, అంచున నడిచేవాళ్లు తప్పిపోవచ్చు. చూసే చోటును 64 గడులుగా విడదీసి కొలిచే రకం కూడా వచ్చింది, దాని చూపు ఇంకా వెడల్పు, కానీ ప్రోగ్రాం కష్టం. కాలేజీ పిల్లలు చేయగలిగితే రెండో ఏడాది ప్రయత్నించండి. మొదటి ఏడాది బీమే.

ఫోన్ల వైఫై సిగ్నల్ పట్టి లెక్కపెట్టే పరికరాలు ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. కొన్నేళ్లుగా ఆండ్రాయిడ్ ఫోన్లు, ఐఫోన్లు తమ అసలు గుర్తింపు నంబరు దాచి మారు నంబర్లు ఇస్తున్నాయి. ఒకే ఫోను రెండు మూడుగా కనబడవచ్చు. బడి పిల్లలకు ఫోనే ఉండదు. ఇనుప తిరుగుడు గేట్లు లెక్క బాగా పట్టగలవు, కానీ చక్రాల కుర్చీలో వచ్చే పెద్దాయనను ఆపే గేటు మ్యూజియానికి తగదు.

ఇక కెమెరా. ఏఐ కెమెరా పనికిరానిదని నేను అనడం లేదు. వెడల్పాటి ద్వారానికి, గంటకు వందల మంది వచ్చేచోట, పైన నిటారుగా బిగించిన రెండు కన్నుల స్టీరియో కెమెరాను మించినది లేదు. మీది అలాంటి చోటు కాదు. గది మూలలో ఉన్న పాత సీసీటీవీనే వాడి లెక్కపెడతామంటే ఇంకా నమ్మొద్దు. ఏటవాలుగా చూస్తే ముందు మనిషి వెనకున్న పిల్లవాణ్ని కప్పేస్తాడు. తలుపు బయట వెలుతురు, లోపల చీకటి కాబట్టి మనుషులు నల్లటి నీడల్లా పడతారు. మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. తిరుమల కొండ దిగి వచ్చేవాళ్లలో గుండ్లు ఎక్కువ, చందనం రాసుకుని ఉంటారు. తలను చూసి మనిషిని గుర్తుపట్టే ప్రోగ్రాం ఏదైనా సరే, గుండ్ల మీద పరీక్షించి చూపించమని అడగండి. చూపించలేకపోతే కొనకండి. పైగా ముఖాలు రికార్డు అవుతాయి కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మీ దగ్గరికి వచ్చేది పిల్లలు. వాళ్ల ముఖాలు ఎవరి కంప్యూటర్‌లోకి పోతున్నాయో తెలియని ఏర్పాటు మీరు ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అసలు పని. టాలీ కౌంటర్ కొనమన్నాను కదా.

ఒక శనివారం నేను తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. టెంపో ట్రావెలర్ ఒకటి ఆగింది. ముందు ఒక ముసలమ్మ, చెయ్యి పట్టుకుని మనవరాలు. ఇద్దరూ ఒకేసారి గడప దాటారు: నా చేతిలో రెండు టక్కులు, డిస్‌ప్లే మీద ఒకటి. వెనకాల నలుగురు అన్నదమ్ములు మాట్లాడుకుంటూ జంటలుగా: నాకు నాలుగు, దానికి రెండు. తర్వాత ఒక పిల్లవాడు లోపలికి పరిగెత్తాడు, వాళ్లమ్మ కోసం బయటికొచ్చాడు, మళ్లీ లోపలికి పోయాడు: నాకు ఒకటి, దానికి రెండు. పక్కనున్న వాచ్‌మెన్ అడిగాడు, "ఏంది సార్, మిషన్ పెట్టినాక కూడా మీరెందుకు లెక్కేస్తా ఉండారు?" మిషన్ ఎంత తప్పు చెబుతుందో తెలుసుకోవడానికి అన్నాను. అతనికి నచ్చింది. ఆ తర్వాత వారం నుంచి ఆ పని అతనే చేశాడు, నాకంటే శ్రద్ధగా చేశాడు.

మీరు కూడా అలాగే చేయండి. నెలకు పదహారు సార్లు, ఒక్కోసారి పావుగంట. మామూలు రోజులు కొన్ని, శని ఆదివారాలు కొన్ని, బడి పిల్లలు వచ్చినప్పుడు తప్పకుండా. మీరు లెక్కపెట్టింది, అదే పావుగంటలో మిషన్ చూపింది పక్కపక్కన రాయండి. మామూలు రోజుల్లో మీకు మొత్తం 40, మిషన్‌కు 38 వచ్చాయనుకోండి. 40ని 38తో భాగిస్తే 1.05. మామూలు రోజు మిషన్ అంకెను 1.05తో గుణించాలి. రద్దీ రోజుల్లో మీకు 150, మిషన్‌కు 112 వచ్చాయనుకోండి, అప్పుడు 1.34. ఈ రెండు గుణకాలను, అంటే గుణించే అంకెలను, కలిపి ఒకే సగటు చేయకండి. జనం ఎక్కువైన కొద్దీ పక్కపక్కన నడుస్తారు, మిషన్ ఎక్కువమందిని వదిలేస్తుంది. తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాలకు, బ్రహ్మోత్సవాల రోజులకు, గంగజాతర వారానికి మామూలు బుధవారం గుణకం వాడితే, జనం ఎక్కువ వచ్చిన రోజే మీ లెక్క తక్కువ చూపిస్తుంది.

ఇంకో లెక్క మీ ఇద్దరిది. మీరిద్దరూ కలిసి రోజుకు ఆ గడప 60 సార్లు దాటుతారనుకుందాం, అంటే లోపలికి 30, బయటికి 30. ఆ రోజు నిజంగా వచ్చింది 80 మంది. మిషన్ 110 అంటుంది. చిన్న మ్యూజియంలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే, దీన్ని ఎవరూ పట్టించుకోరు. డబ్బా పక్కన ఒక బటన్ పెట్టించండి. నొక్కితే ఆ తర్వాతి ఒక్క దాటు లెక్కలోకి రాకూడదు. నొక్కడం మరచిపోతామంటారా, వారంలో ఒక రోజు మీరిద్దరూ లోపలికి పోయిన దాట్లు మాత్రం గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఆ సంఖ్యను మిగతా రోజుల్లో తీసేయండి.

రిజిస్టరులో ఒక్కో రోజుకు మిషన్ అంకె ఒక గడిలో, గుణకం ఇంకో గడిలో, వచ్చిన మొత్తం మూడో గడిలో రాయండి. మిషన్ అంకెను ఎప్పుడూ దిద్దకండి. ఏడాది తర్వాత గుణకం తప్పని తేలితే మళ్లీ లెక్కవేసుకోవడానికి అదే ఆధారం. పక్కన రెండు మాటలకు చోటు ఉంచండి: వాన, కరెంటు లేదు, బడి బస్సులు రెండు, సాలెగూడు. ట్రస్టు పెద్దలకు చూపించేటప్పుడు నెలకు 1,912 అని తేల్చి చెప్పకండి. చేత్తో సరిచూసిన పావుగంటల్లో తేడా నూటికి పది దాకా ఉంటే, సుమారు 1,700 నుంచి 2,100 మధ్య అని చెప్పి, ఆ సరిచూసిన కాగితం కూడా ముందు పెట్టండి. ఇలా చూపించినచోట్ల కమిటీ వాళ్లు ఎదురు ప్రశ్నలు వేయకుండా, సాయంత్రం ఇంకో గంట తెరిచి ఉంచితే ఎలా ఉంటుందని మాట్లాడుకోవడం నేను చూశాను. గంటవారీ అంకెలు ఉన్నాయి కాబట్టే ఆ మాట వచ్చింది.

ఏదైనా కొనే ముందు, వచ్చే వారమే రెండు టాలీ కౌంటర్లు తెప్పించి ఒక శనివారం, ఒక బుధవారం పూర్తిగా లెక్కపెట్టండి. రోజుకు ముప్పై మంది కూడా రారని తేలితే సెన్సర్ కూడా వద్దు, టోకెన్ పుస్తకమే చాలు. నేను చెప్పిన బీమ్ అంతకంటే ఎక్కువ వస్తేనే. ఆ రెండు రోజుల అంకెలతో పాటు లోపలి ద్వారం కచ్చితమైన వెడల్పు, గడప ఎత్తు, గుమ్మం చెక్కదా రాయిదా, సాయంత్రం అయిదింటికి అక్కడ తీసిన ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి. రాయి అయితే మేకు కొట్టకుండా బిగించే పద్ధతి వేరే ఉంది, కొలతలు చూసి దాని బొమ్మ గీసి పెడతాను.